కెమెరాకి ముందు పరదా: రంగస్థల చిత్రకారుడు డాగ్యుర్

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఫొటోగ్రాఫర్ల సంఘం సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగ్ నుంచి ఎత్తి రాసినది.)

అధ్యక్షుల వారికి, పెద్దలకు, ఇవాళ స్టూడియోలు మూసి మరీ వచ్చిన ఫొటోగ్రాఫర్ మిత్రులకు నమస్కారం.

ఇందాక మనందరం డాగ్యుర్ గారి పటానికి దండ వేశాం. ప్రతి ఏటా వేస్తున్నాం. లూయీ జాక్ మాండే డాగ్యుర్. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఆయన పద్ధతిని లోకానికి వెల్లడించారు, అందుకే ఈ రోజు మనకి పండగ. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను నాటకాల మనిషిని, కెమెరా గురించి మీకు పాఠం చెప్పేంత వాణ్ణి కాను. మరి నన్నెందుకు పిలిచారు? మీ కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు నేను ఒకే మాట అన్నాను. "అయ్యా, మీరు దండ వేసే ఆ పెద్దమనిషి మా వాడండీ. ఆయన పరదాల పెయింటరు" అన్నాను. అయితే ఆ సంగతే వచ్చి చెప్పండి అన్నారు. వచ్చాను.

అవును, పరదాల పెయింటరే. ఏదో కుర్రతనంలో కొన్నాళ్ళు చేసి వదిలేసిన పని కాదు. పదహారు, పదిహేడేళ్ళ వయసులో కుంచె పట్టుకుని థియేటర్లోకి వెళ్ళినవాడు, యాభై దాటేదాకా ఆ పనిలోనే బతికాడు. ఫొటో పద్ధతి కనిపెట్టిన తర్వాత కూడా ఒక పరదా గీశాడు. ఆ పరదా ఇవాళ్టికీ ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈయన పరదాలు గీయకపోయి ఉంటే మనకి డాగ్యురోటైప్, అంటే వెండి పూత రేకు మీద బొమ్మ నిలబెట్టే ఆయన ఫొటో పద్ధతి, వచ్చేది కాదు. ఎందుకలా అంటున్నానో వినండి.

ఆయన పుట్టింది 1787లో, పారిస్ పక్కన కోర్మెయి అనే ఊళ్ళో. చదువు అంతంత మాత్రం. ఫ్రెంచి విప్లవం రోజులు కదా, బడులు సరిగ్గా నడిచే కాలం కాదు. కానీ పిల్లవాడి చేతిలో బొమ్మ ఉంది. ఓర్లియాన్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర పనిలో పెట్టారు. గోడ ఎంత వెనక్కి వెళితే ఎంత చిన్నగా కనిపిస్తుంది, స్తంభాల వరస దూరానికి ఎలా సన్నబడుతుంది, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత పారిస్ వచ్చి డెగొట్టీ అనే ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. డెగొట్టీ ఎవరు? పారిస్ ఆపెరాకి, అంటే అక్కడి పెద్ద సంగీత నాటకశాలకి, సెట్టింగులు వేసే ప్రధాన చిత్రకారుడు. అంటే కుర్రాడు నేరుగా పెద్ద కొలువులోనే పడ్డాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పరదా గీయడం అంటే ఏమిటో మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టించి వేలాడదీస్తున్నారు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో పరదా గుడ్డని పెద్ద హాల్లో నేల మీద పరిచేవారు. పెయింటరు ఆ గుడ్డ మీదే నిలబడి, నడుస్తూ, పొడవాటి కర్ర ఉన్న కుంచెతో గీసేవాడు. చీపురు పట్టుకున్నట్టు పట్టుకోవాలి. తన కాళ్ళ దగ్గర గీస్తున్నది ఎనభై అడుగుల అవతల కూర్చున్న ప్రేక్షకుడికి ఎలా కనిపిస్తుందో ఊహలో చూసుకుంటూ గీయాలి. రంగుపొడిని వేడి జిగురునీళ్ళలో కలిపి వాడేవారు. ఈ రంగుతో ఒక చిక్కుంది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలిపోతుంది. అంటే వేస్తున్నప్పుడు కళ్ళకి కనిపించేది నమ్మడానికి లేదు. ఆరిన తర్వాత ఏమవుతుంది, దాని మీద దీపం వెలుగు పడితే ఏమవుతుంది, అదంతా ముందే లెక్క కట్టుకోవాలి. గమనించారా? ఇప్పుడు కళ్ళకి కనపడనిది తర్వాత ఎలా తేలుతుందో ముందే తెలిసి ఉండటం. ఫిల్ము కడిగిన పాతతరం వాళ్ళు ఇక్కడ ఉన్నారు, ఈ మాట మీకు వేరే చెప్పక్కర్లేదు.

డెగొట్టీ దగ్గర పని అయ్యాక ప్రెవో అనే చిత్రకారుడి దగ్గర చాలా ఏళ్ళు సహాయకుడిగా చేశాడు. ప్రెవో గీసేవి పనోరమాలు. గుండ్రటి భవనం లోపల గోడంతా చుట్టూ ఒకే బొమ్మ. మధ్యలో నిలబడితే మీరు ఏదో నగరం నడిబొడ్డున ఉన్నట్టే ఉంటుంది. ఆ రోజుల్లో యూరప్ జనం ఎగబడి చూసిన వినోదం అది. అక్కడ డాగ్యుర్ పెద్ద కొలతలకి అలవాటు పడ్డాడు.

1816 ప్రాంతంలో ఆంబిగ్యు కామిక్ అనే థియేటర్లో ప్రధాన చిత్రకారుడయ్యాడు. ఈ థియేటర్ ఉన్న వీధి బూల్వార్ ద్యు తాంప్ల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. వీధి పొడుగునా నాటకశాలలే. హత్యలు, దొంగతనాలు, అపహరణలు, అన్నీ ఉండే నాటకాలు. అందుకని జనం దానికి నేరాల వీధి అని పేరు పెట్టారు. అక్కడ డాగ్యుర్ వెన్నెల దృశ్యాలకి పేరు పడ్డాడు. చందమామ పైకి వస్తుంది, మబ్బులు కదులుతాయి. నాటకం బాగా లేకపోయినా సెట్టింగు చూడటానికి వచ్చేవారట. పత్రికల్లో నటుడి పేరుతో పాటు పెయింటరు పేరు రాయడం మొదలుపెట్టారు. మన దగ్గర ఎన్ని నాటకాల కరపత్రాల మీద పరదాలు గీసినవాడి పేరు వేశారు? మీరే చెప్పండి. హార్మోనియం వాయించినాయన పేరు ఉంటుంది, దుస్తులు అద్దెకిచ్చిన షాపు పేరు ఉంటుంది. పరదా గీసినవాడి పేరు ఉండదు.

తర్వాత ఆపెరా. 1822 ఫిబ్రవరిలో అల్లావుద్దీన్ అద్భుత దీపం కథ ఆపెరాగా వేశారు. సిసేరి అనే మరో గొప్ప చిత్రకారుడితో కలిసి డాగ్యుర్ సెట్టింగులు చేశాడు. పారిస్ ఆపెరా వేదిక మీద గ్యాస్ దీపాలు వాడిన మొట్టమొదటి ప్రదర్శన అది. అంతకుముందు నూనె దీపాలు, కొవ్వొత్తులు. ఒక్కసారి ఆలోచించండి, మన ఊళ్ళలో పెట్రోమాక్స్ దీపాలు పోయి కరెంటు వచ్చిన రోజున నాటకం వాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో. కావాలంటే పెంచు, కావాలంటే తగ్గించు. ఇంకెవరైనా అయితే అక్కడే స్థిరపడిపోయేవాడు. ఫ్రాన్సు మొత్తానికి పెద్ద కొలువు అది. ఈయన అదే ఏడాది బయటికి వచ్చేశాడు.

ఎందుకు వచ్చాడు? నా అభిప్రాయం చెబుతాను. నాటకంలో పరదా ఎప్పుడూ వెనకే ఉంటుంది. ముందు నటుడు, వెనక పరదా. డాగ్యుర్‌కి నటుడు లేని నాటకం కావాల్సి వచ్చింది. వెలుగే నటుడు కావాలి. పరదా మీద వెలుగు నడవాలి, ఆగాలి, చీకటి పడాలి, మళ్ళీ తెల్లవారాలి. జనం టికెట్టు కొనుక్కుని అది చూడాలి. దాని పేరే డయోరమా.

1822 జూలై 11న పారిస్‌లో డయోరమా తెరిచాడు. షార్ల్ బూతోన్ అనే చిత్రకారుడు భాగస్వామి. భవనం ఎలా కట్టారో వినండి. లోపల గుండ్రటి హాలు, 350 మంది దాకా పడతారు. ఎదురుగా ఒక పెద్ద కిటికీ లాంటి ఖాళీ, దానిలోంచి దూరంగా ఒక బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మ ఇరవై రెండు మీటర్ల వెడల్పు, పద్నాలుగు మీటర్ల ఎత్తు. ఈ హాలు గోడ కంటే పెద్దది. పావుగంట ఆ బొమ్మ చూస్తారు. తర్వాత? మన దగ్గర సురభి వాళ్ళు ఏం చేస్తారు? అడవి పరదా పైకి లాగేస్తే వెనక దర్బారు పరదా సిద్ధంగా ఉంటుంది. డాగ్యుర్ పరదా కదిలించలేదు, జనాన్ని కదిలించాడు. ప్రేక్షకులు ఉన్న హాలు మొత్తం, నేలతో సహా, మెల్లగా తిరిగి రెండో బొమ్మ వైపు ఆగుతుంది. 1822లో! మొదటి ప్రదర్శనలో డాగ్యుర్ గీసింది స్విట్జర్లండ్‌లోని సార్నెన్ లోయ, బూతోన్ గీసింది కాంటర్‌బరీ చర్చి లోపలి భాగం. మరుసటి ఏడాది లండన్‌లో కూడా రీజెంట్స్ పార్కు దగ్గర ఒక డయోరమా తెరిచారు.

ఈ గ్యాస్ దీపాల మొనగాడు, తన సొంత డయోరమాకి దేన్ని నమ్ముకున్నాడో తెలుసా? పగటి వెలుగుని. పైకప్పులో అద్దాలు, బొమ్మ వెనకాల ఎత్తైన కిటికీలు. వాటికి తలుపులు, రంగురంగుల తెరలు. తాళ్ళు, కప్పీలతో వాటిని లాగుతూ వదులుతూ ఉంటారు. ముందు నుంచి పడే వెలుగు తగ్గుతుంది, వెనక నుంచి వచ్చేది పెరుగుతుంది. ఆకాశం మబ్బు పడుతుంది, కొండ మీద ఎండ వస్తుంది. బొమ్మ మాత్రం కదలదు. కదిలేదంతా వెలుగే.

ఇందులో పరాకాష్ఠ 1834లో చేసిన అర్ధరాత్రి పూజ. పారిస్‌లోని సెంట్ ఎతియెన్ చర్చి లోపలి దృశ్యం. మొదట పగటి పూట. చర్చి ఖాళీ. వరసగా ఖాళీ కుర్చీలు. మెల్లగా సాయంత్రం అవుతుంది, చీకటి పడుతుంది. ఎక్కడో ఒక దీపం వెలుగుతుంది. మరికొన్ని. చూస్తూ ఉండగానే ఆ ఖాళీ కుర్చీల్లో మనుషులు ఉంటారు. చర్చి నిండిపోతుంది, పూజ జరుగుతూ ఉంటుంది. తర్వాత మళ్ళీ దీపాలు తగ్గి, తెల్లవారుతుంది, చర్చి ఖాళీ. పరదా మాత్రం అదే పరదా.

ఎలా చేశాడు? ఆయనే తర్వాత రాసి పెట్టాడు కాబట్టి చెప్పగలుగుతున్నాను. సన్నటి నూలు గుడ్డ, వీలైనన్ని తక్కువ కుట్లు. రెండు వైపులా జిగురు పూత, మన వడ్రంగులు వాడే వజ్రం లాంటిది. ముందు వైపు పగటి దృశ్యం గీస్తాడు, కానీ తెల్ల రంగు కలపకుండా, పలచగా, గుడ్డలోంచి వెలుగు దూరేలా. వెనక వైపు రాత్రి దృశ్యం. ఆ మనుషులంతా వెనక వైపే ఉన్నారు. అక్కడ వెలుగు ఆగాల్సిన చోట మందమైన రంగు, వెలుగు రావాల్సిన చోట పలచని రంగు. వెనక వైపు గీసేటప్పుడు ముందు నుంచి గుడ్డలోంచి వచ్చే వెలుగు తప్ప వేరే వెలుగు రానివ్వడు. ఎందుకంటే ముందు వైపు గీతలు కనిపిస్తూ ఉండాలి, వాటి మీదే ఇవి కూర్చోవాలి. దానికి తోడు రంగు తెరలు. ఎర్రటి వెలుగులో ఎర్ర గీత కనిపించదు, పచ్చ గీత నల్లగా అవుతుంది. ఆ సూత్రంతో కొన్నిటిని మాయం చేశాడు, కొన్నిటిని తేల్చాడు. ఈ వివరం వింటుంటే నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది. డాగ్యురోటైప్ లోకానికి తెలియడానికి ఐదేళ్ళ ముందు సంగతి ఇది. ఒక బల్లపరుపు వస్తువు మీద వెలుగు ఏం చేస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ దూరుతుంది, ఏది ఎంతసేపట్లో బయటపడుతుంది. ఆయన రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా చేస్తున్న పని అదే.

మరి ఆయన చేతికి కెమెరా ఎక్కడి నుంచి వచ్చింది? పరదా పని నుంచే. అంత పెద్ద బొమ్మలు కొలతలు తప్పకుండా గీయాలంటే కెమెరా అబ్స్క్యూరా వాడేవాడు. చీకటి పెట్టె, కటకం, వెనక అద్దం మీద పడే దృశ్యం. దాని మీద కాగితం పెట్టి గీసుకోవడం. ప్రతి రోజూ ఆ అద్దం మీద దృశ్యం తనంతట తాను పడుతోంది, పోతోంది. అది అక్కడే ఉండిపోతే ఎంత బాగుండును అని ఆయనకి అనిపించకుండా ఉంటుందా?

ఇక్కడ మరొకరి పేరు చెప్పకపోతే అన్యాయం. నిసెఫోర్ నియెప్స్. కెమెరాతో దృశ్యాన్ని నిలబెట్టిన మొదటివాడు ఆయన, 1826, 27 ప్రాంతంలోనే. పారిస్‌లో ఇద్దరూ కటకాలు కొనే షాపు ఒకటే, షెవాలియే వాళ్ళది. అలా ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. 1829 డిసెంబరులో ఒప్పందం రాసుకున్నారు. 1833లో నియెప్స్ పోయాడు. డాగ్యుర్ వదల్లేదు. ఒక పక్క డయోరమా అప్పుల్లో ఉంది. 1830లో విప్లవం, 1832లో పారిస్ అంతా కలరా, టికెట్లు ఎవరు కొంటారు? అయినా వెండి పూత రేకు, అయోడిన్ ఆవిరి, పాదరసం ఆవిరి, చివరికి ఉప్పునీళ్ళు, ఒక్కొక్కటీ పట్టుకున్నాడు. ఆ రసాయనాల కథ మీకు నాకంటే బాగా తెలుసు, అక్కడ ఆగను.

నేను ఆగేది ఆయన తీసిన బొమ్మల దగ్గర. 1837లో తీసిన ఒకటి చూడండి. సున్నపుముద్దతో పోసిన దేవదూతల తలలు, గోడకి వేలాడే అల్లిక సీసా, పటం, పక్కన గుడ్డ. ఏమిటది? నాటక సమాజం సామాన్ల గది! ఒక రంగస్థల చిత్రకారుడు వస్తువులు పేర్చి, ఏది ముందు, ఏది వెనక, వెలుగు ఏ పక్క నుంచి, అని సర్దుకున్న సెట్టింగు అది.

ఇంకొకటి మీ అందరికీ తెలిసినదే. 1838లో తీసిన వీధి బొమ్మ. ఆ వీధి ఏది? బూల్వార్ ద్యు తాంప్ల్. నాటకాల వీధి, నేరాల వీధి. డయోరమా పక్కనే తన ఇంటి పైకిటికీలోంచి తీశాడు. పొద్దున పూట బళ్ళు, గుర్రాలు, మనుషులతో కిటకిటలాడే వీధి. కానీ బొమ్మలో ఎవరూ లేరు. రేకు మీద వెలుగు నిమిషాల తరబడి పడాలి కదా, కదిలేవాళ్ళెవరూ నిలవలేదు. ఒక్క మూల ఒకాయన బూటు పాలిష్ చేయించుకుంటూ కాలు పెట్టి నిలబడ్డాడు. ఆయన నిలిచాడు. మనకి తెలిసినంతలో ఫొటోలో పడ్డ తొలి మనుషుల్లో ఆయన, ఆ పాలిష్ చేసేవాడు. నేను ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఆ అర్ధరాత్రి పూజ గుర్తొస్తుంది. అక్కడ ఖాళీ చర్చిని వెలుగుతో మనుషుల్తో నింపాడు. ఇక్కడ నిండు వీధిని వెలుగే ఖాళీ చేసింది. నాలుగేళ్ళ తేడాలో, ఒకే మనిషి చేతిలో.

1839 జనవరి 7న శాస్త్రవేత్త అరాగో విషయం ప్రకటించాడు. మార్చి 8న ఏం జరిగింది? డయోరమా తగలబడిపోయింది. ఆ సమయానికి డాగ్యుర్ ఎక్కడున్నాడు? టెలిగ్రాఫ్ మోర్స్ ఉన్నాడే, ఆయన దగ్గర ఉన్నాడు. ఆయన యంత్రం చూడటానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి భవనం, పరదాలు అన్నీ బూడిద. పదిహేడేళ్ళ పని. వెలుగుని నమ్ముకున్న ఆ గుడ్డల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆగస్టు 19 సభలో డాగ్యుర్ మాట్లాడలేదు. గొంతు బాగాలేదన్నారు, అరాగోయే వివరించాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఈ పద్ధతిని కొని అందరికీ ఇచ్చేసింది, బదులుగా పింఛను. డాగ్యుర్‌కి ఏడాదికి 6000 ఫ్రాంకులు, నియెప్స్ కొడుకు ఇసిదోర్‌కి 4000. ఆ తేడా 2000 దేనికో తెలుసా? డయోరమా రహస్యాలు కూడా చెప్పినందుకు. ప్రభుత్వం రెండూ కొన్నది! ఆయన అచ్చు వేసిన పుస్తకంలో డాగ్యురోటైప్ పద్ధతి, డయోరమా పద్ధతి రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఇందాక నేను చెప్పిన వజ్రం పూత, పలచని రంగు, అన్నీ అందులోవే. ఆయన తన రెండు పనుల్ని వేరు చేసి చూడలేదు. మనమే వేరు చేశాం.

తర్వాత ఆయన బ్రీ అనే ఊరికి వెళ్ళిపోయాడు, మార్న్ నది ఒడ్డున. అక్కడ చిన్న చర్చి ఉంది. 1842లో ఆ చర్చికి వేదిక వెనక గుడ్డ మీద ఒక పెద్ద బొమ్మ గీశాడు. లోపలికి వచ్చి చూస్తే ఆ చిన్న చర్చి వెనక ఇంకో పెద్ద చర్చి పొడుగ్గా సాగిపోతున్నట్టు ఉంటుంది. స్తంభాలు, కమానులు, వాటి మీద మారే పగటి వెలుగు. నేను మొదట చెప్పిన పరదా ఇదే. ఆయన డయోరమాల్లో ఇవాళ మిగిలింది ఇదొక్కటే, కొన్నేళ్ళ క్రితం బాగు చేశారు. 1851లో ఆ ఊళ్ళోనే పోయాడు.

ఇక మన సంగతి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు మన వైపు వచ్చి వెళ్ళాక ఇక్కడ నాటక సమాజాలు లేచాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ వేసింది, అలా పుట్టిన సురభి వాళ్ళు ఇప్పటికీ చేత్తో గీసిన పరదాలతో ఆడుతున్నారు. ఇంకో పక్క, ఇదే పరదా మీ స్టూడియోల్లోకి వచ్చింది. మీ తండ్రుల స్టూడియోల్లో ఏముండేది? తాజ్‌మహల్, తోట, మెట్లు, స్తంభం, కొలను, పైన చందమామ. కొత్త దంపతుల్ని దాని ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి తీసేవారు. రంగస్థల చిత్రకారుడు ఫొటో పద్ధతి చేసిచ్చాడు, కెమెరా ముందుకి మళ్ళీ ఆ చిత్రకారుడి పరదాయే వచ్చి నిలబడింది. ఊళ్ళో నాటకాల పరదాలు గీసే ఆయనే స్టూడియో పరదా కూడా గీసేవాడు. ఆయన పేరు మీలో ఎంతమందికి గుర్తుంది?

అందుకే మిమ్మల్ని ఒక సాయం అడుగుతున్నాను. మీ అటకల మీద, గోడౌన్లలో ఆ పాత పరదాలు చుట్టలు చుట్టి పడేసి ఉంటాయి. పారేయకండి. బయటికి తీసి, నీడపట్టున పూర్తిగా విప్పి, పగటి వెలుగులో నిండుగా ఫొటో తీయండి. ముందు వైపు తీశాక వెనక వైపు కూడా తీయండి, అక్కడ గుడ్డ కుట్లు, పెన్సిలు గళ్ళు కనిపిస్తాయి. కింద కుడి మూల చూడండి, చాలామంది అక్కడ సంతకం పెట్టేవారు. పేరు ఉంటే రాసుకోండి. పేరు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని ఇవాళ రాత్రే అడగండి, ఎవరు గీశారు, ఏ ఊరు, ఎంత తీసుకున్నారు అని. మీ దగ్గర ఉన్నన్ని కెమెరాలు మా నాటకాల వాళ్ళ దగ్గర లేవు. వచ్చే ఆగస్టు 19కి ఆ ఫొటోలన్నీ ఈ హాల్లోనే గోడకి పెడదాం, ఒక్కొక్క దాని కింద గీసినవాడి పేరుతో. ఫ్రేములు కట్టించే ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, కార్యదర్శి గారు హాలు సంగతి చూస్తానన్నారు.

ఇంకా పది నిమిషాలు ఉన్నాయంటున్నారు. డయోరమా గురించి ఎవరైనా ఏదైనా అడగాలనుకుంటే అడగండి.